రాక్ వినడానికి ఏ స్పీకర్లు, ఏ ఆంప్? గోదావరి డెల్టా ఇళ్లకు తగిన ఎంపిక

కొట్లోకి వెళ్లి పాటలు వినే సెట్టు కావాలనగానే వచ్చే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్స్‌ది చూపించమంటారండీ?" అని. దానికి జవాబు చెప్పడంతోనే సగం మంది దారి తప్పుతారు. వాట్ల లెక్క ఆఖర్న తేలాల్సింది. ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి: గది ఏ రకం, బాక్సులకూ మీ కుర్చీకీ ఎంత దూరం, మీ వీధిలో రాత్రి తొమ్మిదింటికి కరెంటు ఎన్ని వోల్టులు వస్తోంది. ఈ మూడూ తెలిస్తే స్పీకర్ దానంతట అదే తేలుతుంది. స్పీకర్ తేలితే దాన్ని నడిపే ఆంప్లిఫయర్, అంటే ఆంప్, తేలుతుంది.

రాక్‌కి వేరే సలహా ఎందుకంటే, ఆ సంగీతం స్పీకర్‌కు ఊపిరి తీసుకునే సందు ఇవ్వదు. వీణ కచేరీలో స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ ఉంటుంది. డిస్టార్షన్ (శబ్దాన్ని కరకుగా మార్చేది) వేసిన రెండు గిటార్లు, వాటి కింద బేస్, వెనక డ్రమ్స్, పైన గొంతు, ఇవన్నీ నాలుగు నిమిషాలూ ఒకేసారి మోగుతుంటే చవక స్పీకర్‌లో అంతా కలిసి ముద్దయిపోతుంది. పైగా 1990ల చివర నుంచి వచ్చిన చాలా రాక్ రికార్డింగుల్లో చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకే ఎత్తుకు తెచ్చేశారు. వాటిని పదునైన ట్వీటర్ (పైశబ్దాలు పలికే చిన్న స్పీకర్) మీద వింటే పావుగంటకే తల బరువెక్కుతుంది.

## రాక్ పాటలో ఏ శబ్దం ఎక్కడ ఉంటుంది

| శబ్దం | ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కంపనాలో, హెర్ట్జ్‌లలో) | స్పీకర్ చాలకపోతే ఎలా వినిపిస్తుంది |
|---|---|---|
| బేస్ గిటార్, 4 తీగలది | లావు తీగ 41 హెర్ట్జ్ | స్వరం తెలియదు, ఒట్టి గురగుర |
| బేస్ గిటార్, 5 తీగలది | లావు తీగ 31 హెర్ట్జ్ | అసలు వినిపించదు |
| కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) దెబ్బ | 50–80 హెర్ట్జ్ | అట్టపెట్టె మీద కొట్టినట్టు |
| కిక్ డ్రమ్ బీటర్ "టక్" | 2,000–5,000 హెర్ట్జ్ | డబుల్ బేస్ డ్రమ్ముల వరస కలిసిపోతుంది |
| స్నేర్ ఒళ్లు | 150–250 హెర్ట్జ్ | రేకు డబ్బా చప్పుడు |
| గిటార్ | 82 హెర్ట్జ్ నుంచి; కరకు అంతా 1,000–5,000 | కందిరీగ మోత |
| సింబల్స్ | 5,000 పైన | "స్...స్" అని ఒకే బుస |

ఈ పట్టిక చూసి 31 హెర్ట్జ్ దాకా దిగే స్పీకరే కొనాలని పరుగెత్తకండి. బేస్ గిటార్ లావు తీగ మీటినప్పుడు 41 కంటే దాని రెట్టింపు, 82 దగ్గరే శక్తి ఎక్కువగా ఉంటుంది. చెవి ఆ 82ని పట్టుకుని కింది స్వరాన్ని తనే పూరించుకుంటుంది. అందుకే 50 హెర్ట్జ్ దాకా శుభ్రంగా దిగే స్పీకర్ పాత హార్డ్ రాక్‌కి చక్కగా సరిపోతుంది. గుండె మీద తగిలే దెబ్బ చాలావరకు 80 నుంచి 250 మధ్యలో ఉంది. చిన్న స్పీకర్లు గట్టిగా పెట్టగానే చేతులెత్తేసేది సరిగ్గా అక్కడే.

## ముందు గదిని చూడండి

స్లాబు వేసిన, టైల్స్ పరిచిన గది మధ్య నిలబడి ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టండి. "టింగ్" అని తోక సాగితే ఆ గది సింబల్స్‌నీ గిటార్లనీ రెండింతలు చేసి చూపిస్తుంది. అలాంటి గదిలో పదునైన ట్వీటర్ ఉన్న స్పీకర్ పెడితే ఎంత ఖరీదైనదైనా వినలేరు.

స్లాబు గదికి ఇంకో గుణం ఉంది, బేస్‌ను, అంటే కింది శబ్దాలను, బయటికి పోనివ్వదు. గది పొడవు అడుగుల్లో కొలిచి 565ని దానితో భాగించండి. వచ్చిన అంకె ఆ గది తనంతట తాను మోగే ఫ్రీక్వెన్సీ. 12 అడుగుల గదికి 47 హెర్ట్జ్. 15 అడుగులకు 38. ఇప్పుడు 10 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు ఉన్న గదిని తీసుకోండి. మూడు దిక్కులా లెక్క ఒకటే, 56.5. బేస్ గిటార్‌లో లావు తీగ పక్కనున్న "ఏ" (A) స్వరం తీగ 55 హెర్ట్జ్. ఆ తీగ మీటినప్పుడల్లా గదంతా భుమ్మని ఊగుతుంది, పక్క స్వరానికి వచ్చేసరికి చప్పబడిపోతుంది. దీన్ని స్పీకర్ లోపమనుకుని స్పీకర్లు మార్చేవాళ్లు చాలామంది. గది మారనిదే అది పోదు. నాలుగు పక్కలా సమానంగా ఉన్న గది తప్ప వేరే దారి లేకపోతే పెద్ద వూఫర్ (బేస్ పలికే స్పీకర్) జోలికి వెళ్లకపోవడమే మంచిది.

పెంకుటింట్లో సంగతి వేరు. పెంకుల సందుల్లోంచి, తెరిచి ఉన్న కిటికీల్లోంచి బేస్ జారిపోతుంది. భుమ్మనడం తక్కువ, శబ్దం శుభ్రంగా ఉంటుంది, కానీ అదే నిండుదనం రావాలంటే స్పీకర్ కోను (మధ్యలో కదిలే గిన్నె) పెద్దది కావాలి. మండువా లోగిలి వసారాలో పెట్టాలనుకుంటే సగం శబ్దం ఆకాశానికే పోతుంది. అక్కడ చిన్న బాక్సులు ఎన్ని వాట్లు పోసినా పీలగానే ఉంటాయి.

రాజమండ్రి, కాకినాడ, భీమవరం అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు గది కంటే కింది ఫ్లాటువాళ్లు ముఖ్యం. 60 హెర్ట్జ్ కింది శబ్దం గోడల్ని లెక్కచేయదు.

## వాట్ల కంటే సెన్సిటివిటీ

స్పీకర్‌కు 1 వాట్ ఇచ్చి 1 మీటరు దూరంలో కొలిస్తే వచ్చే డెసిబెల్స్‌ని (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) సెన్సిటివిటీ అంటారు. 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే, అంటే 10 డెసిబెల్స్ పెరగాలంటే, పది రెట్లు కావాలి. 50 వాట్ల ఆంప్ తీసేసి 100 వాట్లది తెచ్చినా తేడా ఆ మూడే.

మామూలు మూసిన గదిలో, 9 అడుగుల దూరంలో కూర్చుని, డ్రమ్ దెబ్బలు 100 డెసిబెల్స్ దాకా లేవాలంటే ఒక్కో స్పీకర్‌కు సుమారుగా ఇంత కావాలి:

| స్పీకర్ సెన్సిటివిటీ | కావలసిన నిజమైన వాట్లు |
|---|---|
| 84 | 80 |
| 86 | 50 |
| 88 | 32 |
| 91 | 16 |
| 94 | 8 |

కొన్ని కంపెనీలు గది ఇచ్చే సాయాన్ని కూడా కలిపి ఈ అంకె వేస్తాయి. 94 పైన కనిపిస్తే 3 తగ్గించుకుని లెక్క వేసుకోండి. ఆంప్‌లో బేస్ గుండీ తిప్పి 6 డెసిబెల్స్ పెంచితే ఆ శబ్దాలకు నాలుగు రెట్లు వాట్లు కావాలి. చిన్న ఆంప్ అక్కడే తెగుతుంది, అంటే ఇవ్వలేక శబ్దం అలల కొసలు కత్తిరించేస్తుంది. తెగిన శబ్దంలో ట్వీటర్‌కు వెళ్లే శక్తి పెరిగి ముందు కాలేది అదే. "పెద్ద ఆంప్ పెడితే స్పీకర్ కాలుతుంది" అనుకుంటాం గానీ, ఇళ్లలో చిన్న ఆంప్‌ను చివరికంటా తిప్పడం వల్లా ట్వీటర్లు కాలిపోతాయి.

ఇంకో మాట, ఇది చెవుల కోసం. 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ గడువు సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. ఫోన్లో కొలిచే యాప్ వేసుకుని సగటు 85 దాటకుండా చూసుకోండి. పోయిన వినికిడి ఏ సెట్టు కొన్నా తిరిగి రాదు.

## స్పీకర్లు: ఒక్కోటీ ఎలా ఉంటుంది

అయిదంగుళాల బుక్‌షెల్ఫ్ (స్టాండు మీద పెట్టే చిన్న బాక్సు). గొంతు, గిటార్ చక్కగా ఉంటాయి. రాక్ గట్టిగా పెట్టగానే కోను ముందుకూ వెనక్కూ విపరీతంగా కొట్టుకుని స్నేర్ పలచబడుతుంది. అర్ధరాత్రి మెల్లగా వినేవాళ్లకు, 8 అడుగుల చిన్న గదికి తప్ప రాక్‌కి మొదటి ఎంపిక కాదు.

ఆరున్నర అంగుళాల బుక్‌షెల్ఫ్. డెల్టాలోని ఎక్కువ ఇళ్లకు ఇదే సరైన జవాబు. గదిలో 45–50 హెర్ట్జ్ దాకా దిగుతుంది, 10x12 స్లాబు గదిని రెచ్చగొట్టదు. వార్ఫ్‌డేల్ డైమండ్ 12.2 సెన్సిటివిటీ 88, మెత్తని ట్వీటర్. టైల్స్ గదికి, కొత్త రికార్డింగులకు ఆ మెత్తదనం వరమే. ఎలాక్ డెబ్యూ బి6.2 సెన్సిటివిటీ 87, 6 ఓములు (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు). దీని పోర్టు (బాక్సు గాలి రంధ్రం) ముందు వైపుంది. గోడకు దగ్గరగా పెట్టక తప్పనివాళ్లకు అది చాలా ఉపయోగం. వెనక పోర్టున్న వాటికి గోడ నుంచి కనీసం అడుగున్నర ఖాళీ కావాలి.

హారన్ (గరాటు లాంటి మూతి) ట్వీటర్ ఉన్నవి. క్లిప్ష్ ఆర్‌పీ-600ఎం లాంటివి. కంపెనీ చెప్పే అంకె 96. మూడు తీసేసినా పది, పదిహేను వాట్లకే ఇల్లు నిండుతుంది. డ్రమ్ దెబ్బకు స్టేజీ ముందు నిలబడ్డ బిగువు వస్తుంది, పాత లైవ్ రికార్డింగులకు ఇంతకంటే హుషారైనవి ఈ ధరలో దొరకడం కష్టం. ఇబ్బంది టైల్స్ గదిలోనే. పెంకుటింట్లోనో, పరుపులూ పరదాలూ ఉన్న గదిలోనో పెడితే ఎంత బాగుంటాయో, బోసిగా ఉన్న స్లాబు గదిలో అంత గుచ్చుతాయి.

నిలువు స్పీకర్లు. రెండు ఆరున్నర అంగుళాల వూఫర్లు ఉన్నవైతే 40 హెర్ట్జ్ దాకా దిగి, 80–250 మధ్య బరువును ఇద్దరు పంచుకున్నట్టు మోస్తాయి. 14x18 హాలుకూ, మండువాకూ ఇవే. పదడుగుల గదిలో పెడితే డబ్బు పోసి భుమ్‌భుమ్ కొనుక్కున్నట్టే. వీటికి నేలతో ఇంకో పేచీ ఉంది, దాని సంగతి కింద తేమ దగ్గర చెప్తాం.

బుక్‌షెల్ఫ్‌తో పాటు సబ్‌వూఫర్ (అడుగు బేస్‌కే వేరే బాక్సు, పొట్టిగా సబ్). అయిదు తీగల బేస్, కిందికి శ్రుతి చేసిన గిటార్ల మెటల్ వినేవాళ్లకు 31 హెర్ట్జ్ కావాలంటే సబ్ ఉండాల్సిందే. రాక్‌కి సీల్డ్ (పోర్టు లేని) డబ్బా తీసుకోండి, దెబ్బ పడి వెంటనే ఆగుతుంది. క్రాస్‌ఓవర్ (ఏ ఫ్రీక్వెన్సీ నుంచి కిందిది సబ్ అందుకోవాలో చెప్పే గుండీ) 60–80 దగ్గర పెట్టి, పాట వింటున్నప్పుడు సబ్ ఉందని తెలియనంత మెల్లగా ఉంచాలి. చాలామంది దాన్ని సినిమా కోసం పెట్టినట్టే పెంచి వదిలేస్తారు, అప్పుడు కిక్ డ్రమ్ వెనకబడి గదిలో ఎవరో బస్తాలు దింపుతున్నట్టు ఉంటుంది.

ఆంప్ లోపలే ఉన్న స్టూడియో మానిటర్లు. యమహా హెచ్‌ఎస్8, జేబీఎల్ 308పి మార్క్ 2 లాంటివి. 8 అంగుళాల వూఫర్, ఒక్కో బాక్సులో వంద వాట్ల పైచిలుకు. వేరే ఆంప్ అక్కర్లేదు కాబట్టి రూపాయికి వచ్చే శబ్దంలో వీటిని మించినవి లేవు. అయితే ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయి. పేలవంగా రికార్డు చేసిన పాటను పేలవంగానే వినిపిస్తాయి. 4–6 అడుగుల్లో కూర్చుని వినేవాళ్లకు, గిటార్ వాయించేవాళ్లకు మంచివి. పాడైతే బాక్సు మొత్తం సర్వీసుకు పంపాలి.

పాత త్రీవే (వూఫర్, మధ్య స్వరాల స్పీకర్, ట్వీటర్ మూడూ ఉన్న) బాక్సులు. పది, పన్నెండు అంగుళాల వూఫర్‌తో 1970–80ల నాటి త్రీవే స్పీకర్లు సెకండ్ హ్యాండ్‌లో అప్పుడప్పుడు దొరుకుతాయి. 1970లో వచ్చిన జేబీఎల్ ఎల్100, స్టూడియోల్లో వాడిన 4310 మానిటర్‌కు ఇంటి రూపం. ఆ కాలపు రాక్‌ని మిక్స్ చేసిందే ఆ జాతి స్పీకర్ల మీద. దొరికితే వదులుకోవద్దు గానీ, వూఫర్ అంచును గోటితో మెల్లగా నొక్కి చూడండి. ఫోమ్ అంచు అయితే మన ఉక్కకు అటుకుల్లా పొడి రాలుతుంది. రబ్బరు అంచో, గుడ్డ అంచో అయితే ఏళ్లు నిలుస్తుంది.

డీజే బాక్సులు. కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మోగే శబ్దం గుండెల్లో ఉండిపోయి ఇంటికీ అదే కావాలనిపించడం సహజం. ఆ బాక్సులు వంద అడుగుల దూరానికి గొంతు చేర్చడానికి కట్టినవి. తొమ్మిదడుగుల్లో వింటే మధ్య స్వరాలు అరుస్తాయి, మెల్లగా పెడితే ప్రాణమే ఉండదు. ఇంటికి వద్దు.

## ఆంప్లిఫయర్లు

ఊళ్లో కట్టించే సెట్టు. తణుకు, పాలకొల్లు, అమలాపురం ఎక్కడ చూసినా ఆంప్‌లు కట్టే మెకానిక్ ఉంటారు. మంచి చేతిలో కట్టిన ఆంప్ మంచిదే, పైగా పాడైతే సాయంత్రానికి బాగై వస్తుంది. కానీ డబ్బా మీద స్టిక్కర్‌ని నమ్మకూడదు. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం పేరుతో వేసే వాట్లు) అంకెలకు అర్థమే లేదు. మూత తీయించి ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వోల్టులదో చూడండి, నిజం అక్కడ ఉంటుంది.

24-0-24 అని ఉందనుకోండి. 24ని 1.414తో హెచ్చిస్తే 34. డీసీ వోల్టేజీ అది. ట్రాన్సిస్టర్లలో పోయే 3 తీసేస్తే 31. 31ని 31తో హెచ్చిస్తే 961. 8 ఓముల స్పీకర్‌కు 16తో భాగిస్తే 60. అంటే డబ్బా మీద 500 అని ఉన్నా ఒక్కో వైపు వచ్చేది 60 వాట్లు, రెండు వైపులా లాగుతున్నప్పుడు 50. రాక్‌కి ఇది బ్రహ్మాండంగా చాలు. అదే 12-0-12 అయితే? 17లో 3 పోతే 14. పద్నాలుగు పద్నాలుగులు 196, పదహారుతో భాగిస్తే 12 వాట్లు. చవక హోమ్ థియేటర్ల రహస్యం ఇంతే.

కట్టించేటప్పుడు నాలుగు అడగండి. ట్రాన్స్‌ఫార్మర్ రాగి చుట్టుదా, అల్యూమినియందా. ఫిల్టర్ కెపాసిటర్లు ఒక్కో వైపు 10,000 మైక్రోఫారడ్స్ ఉన్నాయా. 2,200తో సరిపెడితే బేస్ దెబ్బకు వోల్టేజీ కూలిపోయి కిక్ డ్రమ్ నీరుగారుతుంది. 5200, 1943 ట్రాన్సిస్టర్లు అసలువేనా. నకిలీలు చాలా తిరుగుతున్నాయి, గట్టిగా పెట్టిన గంటకే షార్టవుతాయి. నాలుగోది ప్రాణప్రదం: స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు వేశారా. అది లేకుండా ట్రాన్సిస్టర్ షార్టయితే డీసీ నేరుగా వూఫర్‌లోకి పోయి కాయిల్ కాలిపోతుంది. ఆంప్‌తో పాటు స్పీకర్లూ పోయాక ఆ బోర్డు ఖరీదు ఎంత తక్కువో తెలుస్తుంది.

కంపెనీ స్టీరియో ఆంప్, క్లాస్ ఏబీ (ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే మామూలు రకం). యమహా ఏ-ఎస్301 ఒక్కో వైపు 60 వాట్లు, మరాంట్జ్ పీఎం6007 45 వాట్లు. ఇవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా రెండు వైపులా ఒకేసారి ఇచ్చే నిజమైన వాట్లు. రెండింటికీ సబ్ అవుట్‌పుట్, రికార్డు ప్లేయర్ పెట్టుకునే ఫోనో, డిజిటల్ ఇన్‌పుట్లు ఉన్నాయి. 87–88 సెన్సిటివిటీ స్పీకర్లతో వీటి జోడీ పదేళ్లు కదిలించక్కర్లేనిది. ఇష్టం లేని ఒకే సంగతి వేడి. వేసవిలో గాజు తలుపుల షోకేసులో పెట్టి మూస్తే ఉడికిపోతుంది. పైన కనీసం నాలుగంగుళాలు ఖాళీ వదలండి, మీద క్రోషే గుడ్డలు కప్పకండి.

చిన్న క్లాస్ డి (ట్రాన్సిస్టర్లను వేగంగా ఆన్-ఆఫ్ చేసి నడిపే రకం) డబ్బాలు. టీపీఏ3255 చిప్‌తో వచ్చే ఫోసి వి3, ఐయిమా ఏ07 లాంటివి అరచేతిలో పడతాయి, వేడెక్కవు. డబ్బా మీద 300 అని ఉన్నా వాట్లు తేల్చేది అడాప్టర్. 32 వోల్టుల అడాప్టర్‌తో 8 ఓముల మీద 60 దాటవు. 48 వోల్టులది తీసుకుంటే ఆ గోల లేదు. సబ్ అవుట్‌పుట్, ఫోనో లాంటివి చాలావాటికి ఉండవు, పాడైతే ఊళ్లో బాగుచేసేవాళ్లు దొరకరు. అయినా చెరువుల ఊళ్లకు వీటిలో ఒక గొప్ప సుగుణం ఉంది, కరెంటు దగ్గర చూద్దాం.

ఏవీ రిసీవర్ (సినిమా కోసం అయిదారు స్పీకర్లు నడిపే ఆంప్). సినిమాలూ చూస్తామంటే సరే. పాటలకే అయితే అదే డబ్బుతో వచ్చే స్టీరియో ఆంప్ మేలు.

వాల్వ్ ఆంప్ (పాత రేడియోల్లోలా గాజు గొట్టాలతో నడిచేది). తక్కువ వాట్లదైతే 94 పైన ఉన్న హారన్ స్పీకర్లకు తప్ప రాక్ గట్టిగా వినేవాళ్లకు చాలదు.

పెళ్లిపందిరి ఆంప్. 100 వోల్టుల లైన్ మీద గొట్టం మైకుల్ని నడపడానికి చేసినవి, ఎక్కువ మోనో. ఇంట్లో ఖాళీగా పడుందని దానికి మంచి స్పీకర్లు తగిలించొద్దు.

## ఎవరికి ఏ జోడీ

| మీ పరిస్థితి | స్పీకర్లు | ఆంప్ | వదులుకునేది |
|---|---|---|---|
| 10x12 స్లాబు గది, అన్ని రకాల రాక్ | 6.5 అంగుళాలు, మెత్తని ట్వీటర్ | 45–60 వాట్ల క్లాస్ ఏబీ | 45 హెర్ట్జ్ కింది బేస్ |
| పెంకుటిల్లు | హారన్ రకం, లేదా నిలువు | ఏ మంచి 40 వాట్లదైనా | మెల్లగా విన్నప్పటి నిండుదనం |
| మండువా, పెద్ద హాలు | రెండు వూఫర్ల నిలువు | 60–85 వాట్లు | చోటు, డబ్బు |
| అపార్టుమెంటు | 5 లేక 6.5 అంగుళాలు, సబ్ వద్దు | చిన్న క్లాస్ డి చాలు | గుండె మీద దెబ్బ |
| హాస్టల్, ఒంటరి గది, తక్కువ డబ్బు | స్టూడియో మానిటర్లు | అక్కర్లేదు | దూరం నుంచి వినడం |
| కింది శ్రుతి మెటల్ | 6.5 అంగుళాలు, సీల్డ్ సబ్ | సబ్ అవుట్‌పుట్ ఉన్నది | అమర్చుకోడానికి పట్టే రెండు ఆదివారాలు |
| బాగుచేయించుకోవడం ముఖ్యం | రబ్బరు అంచు ఉన్న ఏ స్పీకరైనా | ఊళ్లో కట్టించిన 24-0-24 | రిమోట్, బ్లూటూత్ సౌకర్యం |

డబ్బు పంపకంలో పదికి ఆరు స్పీకర్లకు, మూడు ఆంప్‌కు, ఒకటి స్టాండ్లకూ వైర్లకూ స్టెబిలైజర్‌కూ పెట్టండి. ఖరీదైన వైర్ల జోలికి వెళ్లొద్దు. ఇళ్లకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు అయిదు మీటర్ల దూరానికి రానూపోనూ 0.08 ఓము కూడా ఉండదు. 8 ఓముల స్పీకర్ ముందు అది ఒక శాతం. బెల్లు వైరు వాడితేనే నష్టం.

## కరెంటు, తేమ, పురుగూ పుట్రా

ఉండి, ఆకివీడు ఊళ్ల వైపు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు అన్నీ ఒకేసారి తిరుగుతున్నప్పుడు ఇళ్లలో లైట్లు మసకబారడం అందరికీ తెలిసిందే. 230 ఉండాల్సింది 180కి పడిందనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న క్లాస్ ఏబీ ఆంప్‌లో లోపలి వోల్టేజీ అదే పాళ్లలో పడుతుంది. వాట్లు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటాయి కాబట్టి 60 వాట్ల ఆంప్ 37 దగ్గర తెగుతుంది. రాత్రి విన్నప్పుడే బాక్సులు చిరాగ్గా మోగుతున్నాయంటే స్పీకర్‌ను తిట్టుకోకముందు మీటరుతో వోల్టేజీ చూడండి. 100 నుంచి 240 దాకా తట్టుకునే అడాప్టర్‌తో నడిచే క్లాస్ డి ఆంప్‌కు ఈ బాధ లేదు. క్లాస్ ఏబీ అయితే 1 కేవీఏ స్టెబిలైజర్ పెట్టండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్ గుయ్యిమంటుంది, సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే అనదు. మూడో పిన్నుకు నిజమైన ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఉరుములప్పుడు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ తీసేయాలి. కేబుల్ టీవీ వైరు సెట్టుకు కలిసి ఉంటే అదీ తీయాలి.

నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి స్పీకర్ టెర్మినళ్లకు చిలుం పడుతుంది. ఆరు నెలలకోసారి వైరు విప్పి, కొస కత్తిరించి, కొత్త రాగి బిగించాలి. బాక్సులు ఎండీఎఫ్‌వి (చెక్కపొడి అదిమి చేసిన పలక), తడిగుడ్డతో రోజూ తుడిచే నేల మీద నేరుగా నిలబెడితే రెండు వర్షాకాలాల్లో అడుగు ఉబ్బుతుంది. నిలువు స్పీకర్లకు కింద అంగుళం మందం గ్రానైట్ ముక్క, దాని కింద రబ్బరు వేయండి. లంక గ్రామాలవాళ్లయితే వరద రోజుల్లో మంచం మీదికి ఎత్తగలిగే బరువున్నవే కొనండి. ఒక్కరు ఎత్తలేని స్పీకర్ ఆ రోజు నీళ్లపాలే.

ఆంప్ గాలి సందుల్లోకి చీమలు, బల్లులు దూరతాయి. బోర్డు మీద బల్లి అడ్డం పడితే షార్టే. లోపలి వైపు సన్నని నైలాన్ దోమతెర ముక్క అంటిస్తే సరిపోతుంది. స్పీకర్ పోర్టులో ఎలుకలు గుడ్డపేలికలు కూరుస్తాయి, బేస్ ఉన్నట్టుండి తగ్గితే ముందు టార్చి వేసి అందులో చూడండి.

## అమరిక

బాక్సుల మధ్య ఆరేడు అడుగులు, మీకూ వాటికీ ఎనిమిది తొమ్మిది. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. మామూలు కుర్చీకి 24 అంగుళాల స్టాండు సరిపోతుంది. ఇనప గొట్టాల స్టాండు చేయిస్తే అందులో గోదారి ఇసుక పోయండి, స్టాండు మోగడం ఆగుతుంది. ఇసుక జల్లించి రెండు రోజులు ఎండలో ఆరబెట్టాకే పోయాలి, తడి ఉంటే గొట్టం లోపల్నుంచి తుప్పు పడుతుంది. 12 అడుగుల గదిలో అంత దూరం కుదరదు, కుర్చీ బాక్సుల వెనకున్న గోడ నుంచి ఏడున్నర అడుగుల దగ్గర వేసుకోండి. గది నడిమధ్యన బేస్ మాయమవుతుంది, మీ వెనక గోడకు ఆనుకుంటే రెండింతలవుతుంది.

టింగుమనే గదికి కొబ్బరి పీచు చాపలు పైశబ్దాలను కొంత మింగుతాయి, బేస్‌ను ఏమీ చేయవు. దాని కోసం మూలల్లో పత్తి పరుపులు చుట్టి నిలబెట్టండి, తేడా మీకే వినిపిస్తుంది. కిక్ డ్రమ్ దెబ్బకు గరగరమనేది చాలాసార్లు స్పీకర్ కాదు, ఇనప బీరువా తలుపు, అటక మీది గిన్నెలు. పాట నడుస్తుండగా ఒక్కోదాని మీద చెయ్యి ఆన్చి చూస్తే దొంగ దొరుకుతాడు.

చివరగా పోలారిటీ, అంటే ప్లస్ మైనస్ వైర్లు సరిగ్గా కలిశాయా అన్నది. ముఖ్యంగా ఊళ్లో కట్టించిన బాక్సులకు ఇది తప్పదు. ఆంప్ నుంచి వైర్లు విప్పి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్సును ఎర్ర వైరుకూ, మైనస్సును నల్ల వైరుకూ ఒక్క క్షణం తాకించండి. కోను ముందుకు వస్తుంది. కొన్ని పాత స్పీకర్లలో వెనక్కి పోతుంది. ఎటైనా ఫర్వాలేదు, రెండు బాక్సులూ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పోతే కిక్ డ్రమ్ గాలిలోనే కొట్టేసుకుంటుంది, గొంతు మధ్యలో నిలబడదు. ఒక బాక్సు వైర్లు తిరగేసి బిగించి, అదే పాట మళ్లీ మొదటి నుంచి పెట్టండి.